అభిమానికెందుకు యజమాని కళ్ళద్దాలు?

2024 జులై 10న షికాగో వైట్ సాక్స్ జట్టు ఒకే రోజు రెండు ఆటలు ఆడింది. మొదటి ఆట ఆఖర్లో మైకేల్ కోపెక్ అనే పిచ్చర్ వచ్చి తొమ్మిది బంతుల్లో ముగ్గురు బ్యాటర్లని ఇంటికి పంపించాడు. బేస్‌బాల్‌లో ఒక బ్యాటర్‌ని స్ట్రైకౌట్ చెయ్యాలంటే కనీసం మూడు బంతులు కావాలి. తొమ్మిది బంతుల్లో ముగ్గురంటే ఒక్క బంతీ వృథా కాలేదన్నమాట. దీన్ని ఇమాక్యులేట్ ఇన్నింగ్ అంటారు. పేరున్న పిచ్చర్లలో కూడా చాలామందికి కెరీర్ మొత్తంలో ఒక్కసారీ పడదు. ఆ ఆట గెలిచారు. రెండో ఆట ఓడారు. అక్కణ్ణుంచి ఆగస్టు 5 దాకా ఆడిన ప్రతి ఆటా ఓడారు, వరసగా 21. ఈ మధ్యలోనే, జులై 29న, కోపెక్‌ని లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్‌కి ఇచ్చేశారు.

షికాగోలో ఉద్యోగం చేసుకుంటూ ఈ జట్టుని చూస్తున్న మా నలుగురైదుగురు తెలుగువాళ్ళకి ఒక వాట్సాప్ గుంపుంది. కోపెక్ వార్త రాగానే అందులో పడ్డ మొదటి మెసేజ్: "అన్నా, రిటర్న్ చాలా తక్కువ వచ్చింది." రెండోది: "పోనీలే, ఫెడ్డీని కూడా వాల్యూ పీక్‌లో ఉండగానే వదిలించుకున్నారు." వీళ్ళెవరికీ వైట్ సాక్స్‌లో ఒక్క షేరు లేదు. నెలకి రెండు మూడు టికెట్లు కొంటారు, అక్కడ దొరికే నాచోస్ కొంటారు, అంతే. కానీ మాట్లాడేటప్పుడు మాత్రం డైరెక్టర్ల బోర్డు మీటింగులో కూర్చున్నట్టే మాట్లాడతారు.

నా గొడవ ఈ భాషతోనే. ఓడిపోతున్న జట్టు సీజన్ మధ్యలో తన ఆటగాళ్ళని అమ్ముకుంటే, దాన్ని తెలివి అనీ ఓపిక అనీ 'రీబిల్డ్' అనీ పిలవడం యజమానికి అవసరం. జీతమిచ్చి మరీ ఆ మాటలు అనిపించుకుంటాడు. అభిమాని ఊరికే ఎందుకనాలి? సొంత కళ్ళుండగా వాడి కళ్ళద్దాలు అరువు తెచ్చుకుని ఆట చూడటమేమిటి?

బేస్‌బాల్ తెలియనివాళ్ళ కోసం కొంచెం సరంజామా. ఒక జట్టు సీజన్‌కి 162 ఆటలు ఆడుతుంది, అందులో 81 సొంతూర్లో. మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబర్ నెలాఖరు దాకా దాదాపు రోజూ ఆటే. జట్టులో 26 మంది ఉంటారు. వీళ్ళు కాక ఇంకో పద్నాలుగు మంది మీద జట్టుకి హక్కుంటుంది, వాళ్ళు ఎక్కువగా కింది స్థాయి మైనర్ లీగుల్లో ఆడుతుంటారు. వైట్ సాక్స్‌కయితే పక్క మెట్టు షార్లట్‌లో ఉంది. 'ఆప్షన్' మిగిలున్న కుర్రాణ్ణి ఒక సీజన్‌లో అయిదుసార్ల దాకా కిందికి పంపొచ్చు. ఆప్షన్లు అయిపోయినవాణ్ణి వద్దనుకుంటే 'డిజిగ్నేట్ ఫర్ అసైన్‌మెంట్' చేస్తారు. అంటే ఏడు రోజుల్లోగా వాణ్ణి వేరే జట్టుకివ్వాలి, లేదా ఎవరైనా తీసుకుంటారేమోనని వేవర్స్‌లో పెట్టాలి. ఆ వారం రోజులూ వాడు ఏ ఊరివాడో వాడికే తెలీదు.

వీటన్నిటికీ మించింది జులై నెలాఖరులో వచ్చే ట్రేడ్ డెడ్‌లైన్. గెలుస్తున్న జట్లు కొంటాయి, ఓడుతున్నవి అమ్ముతాయి. డబ్బు కన్నా ఎక్కువగా మనుషులకి మనుషుల్నే మార్చుకుంటారు. అనుభవమున్నవాణ్ణి ఇచ్చి, ఇంకా పైకి రాని కుర్రాళ్ళని తెచ్చుకుంటారు. ఈ కుర్రాళ్ళనే 'ప్రాస్పెక్ట్‌లు' అంటారు. ఆటగాడి ఒప్పుకోలు అక్కర్లేదు. కాంట్రాక్టులో ప్రత్యేకంగా రాయించుకున్నవాళ్ళకీ, పదేళ్ళ సర్వీసుండి అందులో చివరి అయిదేళ్ళు ఒకే జట్టుతో ఉన్నవాళ్ళకీ మాత్రమే కాదనే హక్కుంది. ఆ కాస్త హక్కు కూడా ఊరికే రాలేదు. 1969లో సెయింట్ లూయిస్ జట్టు తనని ఫిలడెల్ఫియాకి ఇచ్చేస్తే కర్ట్ ఫ్లడ్ వెళ్ళనన్నాడు. నేను కొని అమ్మే వస్తువుని కాదని కమిషనర్‌కి ఉత్తరం రాశాడు, సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు, 1972లో ఓడిపోయాడు. ఆ గొడవలో ఆయన కెరీర్ కరిగిపోయింది. తర్వాతివాళ్ళకి దారి తెరుచుకుంది.

ఇప్పుడు 2024 జులైకి వద్దాం. ఎరిక్ ఫెడ్డీ అనే పిచ్చర్ ఉన్నాడు. వాషింగ్టన్‌లో రాణించలేక కొరియా వెళ్ళి, అక్కడ 2023లో లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడై తిరిగొచ్చాడు. వైట్ సాక్స్ తీసుకుంది. జులై నెలాఖరుకి జట్టు మొత్తం గెలిచినవి 27 ఆటలైతే, అందులో ఏడు విజయాలు ఈయన పేరు మీదున్నాయి. ఎంత ఘోరమైన జట్టుకైనా అయిదు రోజులకోసారి స్టేడియానికి వెళ్ళడానికొక కారణముండాలి కదా, ఆ కారణం పేరు ఫెడ్డీ. కోపెక్‌ని పంపిన ఒప్పందంలోనే ఫెడ్డీనీ, టామీ ఫామ్‌నీ సెయింట్ లూయిస్‌కి పంపారు. ఫామ్ అక్కడ బ్యాట్ పట్టుకున్న మొదటిసారే గ్రాండ్ స్లామ్ కొట్టాడు. మర్నాడు ఎలోయ్ హిమెనెస్ బాల్టిమోర్‌కి, పాల్ డియాంగ్ కాన్సస్ సిటీకి, ట్యానర్ బ్యాంక్స్ ఫిలడెల్ఫియాకి. ఆగస్టు 8న మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు, అప్పటికి లెక్క 28 గెలుపులు, 89 ఓటములు. మిగిలిన సీజన్‌ని గ్రేడీ సైజ్‌మోర్ చేతిలో పెట్టారు. చివరికి 41 గెలుపులు, 121 ఓటములు. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓడి పెట్టుకున్న ఆధునిక రికార్డుని ఒక్క ఓటమితో దాటేశారు.

"అయితే ఏంటి? ఎలాగూ ఓడే జట్టు. 41 గెలిస్తే ఏంటి, 60 గెలిస్తే ఏంటి? భవిష్యత్తు కోసం ఇప్పుడు అమ్ముకోవడమే కరెక్టు" అంటారు మా గుంపువాళ్ళు. రెండు జవాబులు చెప్తాను.

ఒకటి. 41కీ 60కీ మధ్య తేడా పంతొమ్మిది సాయంత్రాలు. ఆ ఏడాది సొంత మైదానంలో ఆడిన 81 ఆటల్లో గెలిచింది 23. పిల్లల్ని తీసుకుని రెడ్ లైన్ రైలెక్కి 35వ వీధిలో దిగిన తండ్రి అమ్మకానికి ముందూ తర్వాతా టికెట్ కొనే వెళ్ళాడు. ఫెడ్డీ లేడు కాబట్టి ఆగస్టులో సగం ధరే తీసుకుంటాం అని ఎవరూ అనలేదు. హోటల్‌కెళ్తే, "బిర్యానీ లేదు, వంటవాణ్ణి పక్క హోటల్‌కి ఇచ్చేశాం, బదులుగా వాళ్ళ దగ్గర వంట నేర్చుకుంటున్న ఇద్దరు పిల్లల్ని తెచ్చుకున్నాం, 2028లో రండి, బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నారనుకోండి. మనం ఆ యజమాని దూరదృష్టిని మెచ్చుకుంటామా?

రెండు. ఇది ఇంకా ముఖ్యం. ఆ భవిష్యత్తు అనేది ఇప్పటికే ఒకసారి వచ్చి వెళ్ళిపోయింది. 2016 డిసెంబర్‌లో ఇదే వైట్ సాక్స్ తన అందరికన్నా గొప్ప పిచ్చర్ని, పేరు కూడా క్రిస్ సేల్, బోస్టన్‌కి ఇచ్చేసింది. బదులుగా వచ్చిన నలుగురు కుర్రాళ్ళలో ఒకడు యోఆన్ మోంకాడా, ఒకడు మైకేల్ కోపెక్. అదే వారంలో ఆడమ్ ఈటన్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చి లూకాస్ జియోలీటో, రేనాల్డో లోపెజ్ తదితరుల్ని తెచ్చుకుంది. 2017 జులైలో హోసే కింటానాని ఊళ్ళోనే ఉన్న కబ్స్‌కి ఇచ్చి ఎలోయ్ హిమెనెస్, డిలన్ సీస్ తదితరుల్ని తెచ్చుకుంది. అప్పుడూ ఇదే మాట: భవిష్యత్తు. 2017, 2018, 2019 మూడేళ్ళు అభిమానులు ఓటములు భరించారు. 2018లో వంద ఓడినా నోరెత్తలేదు, ఎందుకంటే కుర్రాళ్ళు వస్తున్నారు.

వచ్చారు కూడా. 2020లో ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు, ఒక ఆట గెలిచి రెండు ఓడి ఇంటికొచ్చారు. 2021లో 93 ఆటలు గెలిచి డివిజన్ గెలుచుకున్నారు, ప్లేఆఫ్స్‌లో ఒకటి గెలిచి మూడు ఓడారు. మొత్తం రీబిల్డ్‌కి ఫలితం ప్లేఆఫ్స్‌లో రెండు గెలుపులు. తర్వాత? 2023 జులైలో జియోలీటోనీ, లోపెజ్‌నీ లాస్ ఏంజిలిస్ ఏంజెల్స్‌కి ఇచ్చేశారు. ఏంజెల్స్ వాళ్ళు నెల తిరిగేసరికి ఇద్దర్నీ వేవర్స్‌లో పెడితే క్లీవ్‌లాండ్ తీసుకుంది. ఒక్క వేసవిలో ఒక్కో మనిషికి మూడు యూనిఫాంలు. 2024 మార్చిలో సీస్‌ని శాన్ డియేగోకి ఇచ్చారు. జులైలో కోపెక్, హిమెనెస్. మోంకాడా ఆ ఏడాదంతా గాయాలతోనే గడిపాడు, సీజన్ అయ్యాక వదిలేశారు.

అంటే, 2016లో "వీళ్ళే మన భవిష్యత్తు" అని చూపించినవాళ్ళని 2024లో ఇంకో భవిష్యత్తు కోసం అమ్మేశారు. సేల్‌కి బదులు కోపెక్, కోపెక్‌కి బదులు మిగేల్ వర్గస్‌తో పాటు ఇద్దరు పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళు. రేపు వాళ్ళకి బదులు ఇంకెవరో. సాఫ్ట్‌వేర్‌లో మాకు ఇలాంటి ప్రాజెక్టులు బాగా తెలుసు. ప్రతి రెండేళ్ళకీ మొత్తం కొత్తగా రాద్దామంటారు, ఆ కొత్తది పూర్తయ్యేలోపు అది పాతదైపోయిందంటారు. యూజర్ ఎప్పుడూ బీటాలోనే ఉంటాడు. డబ్బు మాత్రం పూర్తయిన ప్రొడక్ట్‌కే కడుతుంటాడు.

అమ్మేసిన మనుషులేమయ్యారో కూడా చూడండి. సేల్ 2018లో బోస్టన్‌తో ప్రపంచ సిరీస్ గెలిచాడు. ఈటన్ 2019లో వాషింగ్టన్‌తో గెలిచాడు. కోపెక్, వెళ్ళిన మూడు నెలలకే, డాడ్జర్స్‌తో గెలిచాడు. వర్గస్ మాత్రం మిగిలిన రెండు నెలల్లో షికాగోలో 0.104 సగటుతో కొట్టాడు, అంటే పదిసార్లకి ఒక్క హిట్. తప్పు వర్గస్‌ది కాదు. క్యూబా వదిలి వచ్చి, అందరికన్నా గొప్ప జట్టులో చోటు కోసం పోరాడుతున్న ఇరవై నాలుగేళ్ళవాణ్ణి రాత్రికి రాత్రి చరిత్రలోనే హీనమైన సీజన్ మధ్యలో దించారు. 2025లో వాడే అక్కడ రోజూ ఆడే ఆటగాడయ్యాడు. కానీ ఆ రెండు నెలలూ 'రిటర్న్' అన్న మాట ఆ కుర్రాడి మీద ఎంత బరువు పెట్టిందో ఒకసారి ఆలోచించండి. ప్రతి హిట్టూ కోపెక్‌తో తూకమే.

ఇక్కడ మా గుంపు మేధావులు హ్యూస్టన్ పేరెత్తుతారు. ఎత్తాలి కూడా, వాళ్ళ దగ్గరున్న మంచి వాదన అదే. ఆస్ట్రోస్ 2011, 2012, 2013లలో వరసగా 106, 107, 111 ఆటలు ఓడారు, 2017లో ప్రపంచ సిరీస్ గెలిచారు. కబ్స్ 2012లో 101 ఓడి 2016లో గెలిచారు. ఇంతెందుకు, వైట్ సాక్స్‌నే తీసుకోండి. 1997 జులై 31న, డివిజన్‌లో మొదటి స్థానానికి కేవలం మూడున్నర ఆటల దూరంలో ఉండి కూడా ముగ్గురు పేరున్న పిచ్చర్లని శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చేసి ఆరుగురు కుర్రాళ్ళని తెచ్చుకున్నారు. ఊరంతా మండిపడి దానికి వైట్ ఫ్లాగ్ ట్రేడ్, తెల్లజెండా బేరం, అని పేరు పెట్టింది. ఆ కుర్రాళ్ళలో కీత్ ఫోక్, బాబ్ హౌరీ 2000లో డివిజన్ గెలిచిన జట్టుకి వెన్నెముకలయ్యారు. నిజమే. అమ్మకం ఎప్పుడూ తప్పని నేననను.

నేననేది వేరు. ఈ వాదనలో ఒక సౌకర్యముంది, అది యజమానికి మాత్రమే సౌకర్యం. గెలిస్తే ప్లాన్ ఫలించినట్టు. ఓడితే ప్లాన్ ఇంకా నడుస్తున్నట్టు. ఏది జరిగినా ప్లాన్ తప్పని తేలే రోజంటూ రాదు. హ్యూస్టన్ కథ చెప్పేవాళ్ళు అదే దారిలో నడిచి ఎక్కడికీ చేరనివాళ్ళ కథ చెప్పరు. ఏడాదికి ముప్ఫై జట్లలో గెలిచేది ఒక్కటి. ఓడిపోవడమే తెలివైతే పదిమంది ఓడతారు, తొమ్మిదిమందికి ఓటమే మిగులుతుంది. లీగ్‌కి కూడా ఇది అర్థమైంది. కావాలని ఓడేవాళ్ళని ఆపడానికి డ్రాఫ్ట్‌లో లాటరీ పెట్టారు. పెద్ద మార్కెట్ జట్టుకి వరసగా రెండేళ్ళు లాటరీలో చోటుండదని నిబంధన పెట్టారు. దాంతో 121 ఆటలు ఓడిన వైట్ సాక్స్‌కి 2025 డ్రాఫ్ట్‌లో వచ్చింది పదో చోటు. అంత ఓడినందుకు దక్కాల్సిన బహుమానం కూడా దక్కలేదు. ఆ ఏడాది మళ్ళీ 102 ఓడారు. 2023 నుంచి మూడేళ్ళు వరుసగా వందకి పైనే.

ఇంకా వెనక్కి వెళ్తే ఈ కథకి అచ్చమైన రూపం కనిపిస్తుంది. 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ అనే జట్టు 20 గెలిచి 134 ఓడింది. ఎందుకంటే ఆ జట్టు యజమానులే సెయింట్ లూయిస్ జట్టుని కూడా కొనుక్కుని, సై యంగ్‌తో సహా మంచివాళ్ళందర్నీ అక్కడికి మార్చేశారు. క్లీవ్‌లాండ్ జనం ఏం చేశారో తెలుసా? వెళ్ళడం మానేశారు. గేట్ డబ్బులు రాక, మిగతా జట్లు అక్కడికి రామనడంతో, స్పైడర్స్ చాలా ఆటలు ఊరి బయటే ఆడింది. ఆ సీజన్ తర్వాత ఆ జట్టే లేదు. ఆ జనానికి 'అసెట్ మేనేజ్‌మెంట్' అన్న మాట తెలీదు. అందుకే జరుగుతున్నదేంటో వాళ్ళకి స్పష్టంగా కనిపించింది.

మరి మనకెందుకు కనిపించడం లేదు? నా అనుమానం, మనం మనీబాల్‌ని సగమే చదివాం. 2003లో మైకేల్ లూయిస్ రాసిన ఆ పుస్తకం, 2011లో బ్రాడ్ పిట్‌తో వచ్చిన సినిమా, మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంచుమించు మతగ్రంథాలు. డబ్బు లేని ఓక్లాండ్ జట్టు లెక్కలతో పెద్దవాళ్ళని ఎదిరించిన కథ. అందులో నిజంగా గొప్ప విషయమేంటంటే, మోచెయ్యి పాడై ఎవరికీ అక్కర్లేని స్కాట్ హాటెబర్గ్ లాంటివాడికి కొత్త చోటు చూపించి, నువ్వు పనికొస్తావు అనడం. మనం గుర్తుపెట్టుకున్నది అది కాదు. చవగ్గా కొనాలి, ఖరీదు పెరగ్గానే అమ్మాలి, మనసుకి తీసుకోకూడదు, ఇదీ మనకి అంటుకున్నది. జనరల్ మేనేజర్ హీరో అయిన కథ కాబట్టి అందరం జనరల్ మేనేజర్లమైపోయాం. ఆ ఓక్లాండ్ సంగతి కూడా చెప్పాలి. వైట్ సాక్స్ 21 ఓటముల వరస తెగింది ఆగస్టు 6న, ఓక్లాండ్ మైదానంలోనే. ఆ మైదానంలో చివరి ఆట సెప్టెంబర్ 26న జరిగింది, తర్వాత జట్టు ఊరు వదిలేసింది. అంతా తెలివిగా లెక్కేసుకుంటూ పోతే ఆఖర్న ఊరు కూడా లెక్కలో ఒక అంకెే.

ఇదంతా అమెరికా గొడవ అనుకునేవాళ్ళు ఒక్కసారి మన సినిమా అభిమానుల్ని చూడండి. సినిమా రిలీజైన మధ్యాహ్నానికి మొదలవుతుంది: నైజాం షేర్ ఎంత, సీడెడ్‌లో బ్రేక్ ఈవెన్ అయిందా, ఓవర్సీస్ ప్రీమియర్లు ఎంత లాగాయి. సినిమా ఎలా ఉందని అడిగితే కలెక్షన్ చెప్తారు. డిస్ట్రిబ్యూటర్ బెంగని ప్రేక్షకుడు తన బెంగగా మోస్తాడు. ఐపీఎల్ వేలం రోజు చూడండి, పర్సులో ఎంత మిగిలిందన్న లెక్క మనవాళ్ళకి ఇంటి బడ్జెట్ కన్నా బాగా తెలుసు. కానీ 2021 గుర్తు తెచ్చుకోండి. మన హైదరాబాద్ జట్టు సీజన్ మధ్యలో వార్నర్‌ని కెప్టెన్సీ నుంచి తీసేసింది, తర్వాత జట్టులోంచే తప్పించింది. 14 ఆటల్లో 3 గెలిచి అట్టడుగున నిలిచింది. ఆ సీజన్ నుంచి ఎవరికైనా ఏం గుర్తుంది? నెట్ రన్ రేటా? గ్యాలరీలో నిలబడి జెండా ఊపుతున్న వార్నర్ గుర్తున్నాడు. అభిమాని కళ్ళకి కనిపించేది అదే. లెక్కల్లో దానికి గడి లేదు.

ఆ గడి లేకపోవడం నాకు ఆట విషయంలోనే కాదు, కడుపు విషయంలోనూ తెలుసు. మా పరిశ్రమలో మనుషుల్ని 'రిసోర్స్' అంటారు. ప్రాజెక్టు లేనివాణ్ణి 'బెంచ్ మీదున్నాడు' అంటారు. ఈ మాటలు మనం తెలుగులో అమ్మతో ఫోన్‌లో కూడా వాడేస్తాం, "బెంచ్ మీదున్నానమ్మా" అని. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఒక శుక్రవారం నా టీమ్‌లో ముగ్గురి అకౌంట్లు పొద్దున్నే పనిచెయ్యలేదు. మధ్యాహ్నం వచ్చిన మెయిల్లో పేర్లు లేవు, 'రీఅలైన్‌మెంట్' అన్న మాట ఉంది, 'భవిష్యత్తు' అన్న మాట నాలుగుసార్లుంది. అందులో ఒకతను హెచ్1బి మీదున్నాడు. ఉద్యోగం పోతే అతనికి చట్టమిచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఏడు రోజుల వేవర్స్ గడువులో ఉన్న ఆటగాడు నాకు అందుకే అంత పరాయివాడుగా కనిపించడు. అతనికి కోట్లొస్తాయి కదా అంటారా? 2024లో పై లీగ్ కనీస జీతం 7,40,000 డాలర్లు, నిజమే, పెద్ద మొత్తమే. కానీ ఒప్పందాల్లో చిల్లరలా చేతులు మారే పంతొమ్మిదేళ్ళ ప్రాస్పెక్ట్‌లకి అది రాదు. కింది మెట్లలో ట్రిపుల్-ఎ ఆటగాడికే 2023లో కనీస జీతం ఏడాదికి 35,800 డాలర్లు ఉండేది, ఇంకా కిందకి పోతే ఇంకా తక్కువ. వాళ్ళలో ఎక్కువమంది పై లీగ్ ముఖమే చూడరు.

ఆ శుక్రవారం మెయిల్ చదివి మండిపడ్డ స్నేహితులే, జులై 29న కోపెక్ వార్త చదివి "రిటర్న్ తక్కువ" అన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. భాష అలా అలవాటు చేసింది. వారానికి అయిదు రోజులు మన మీద ప్రయోగించే భాషని శని ఆదివారాల్లో సరదాకి మనమే ఇంకొకడి మీద ప్రయోగిస్తే, సోమవారం అది మళ్ళీ మన మీదకొచ్చినప్పుడు అభ్యంతరం చెప్పడానికి నోట్లో మాటే మిగలదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే. వైట్ సాక్స్ ఓడితే నాకు ప్రపంచం మునిగిపోదు. మనిషిని చూడాల్సిన చోట అసెట్‌ని చూసే అలవాటు మాత్రం స్టేడియం గేటు దగ్గర ఆగదు, మనతో పాటు ఇంటికొస్తుంది.

దీనికి విరుగుడుగా సాహిత్యం చదివేవాళ్ళు ఇంకో మందు తెస్తారు. అదీ నాకు పడదు. ఓటమిలో సౌందర్యముంది, ఓడే జట్టుని ప్రేమించేవాడే అసలైన ప్రేమికుడు, పరాజితుల పక్షమే కవి పక్షం, ఇలాంటివి. వినడానికి బాగుంటాయి. కానీ 121 ఓటముల్లో అందమేమీ లేదు. ఏడో ఇన్నింగ్‌కి ఖాళీ అయిపోయే కుర్చీలు, రిలీవర్ రాగానే పారిపోయే ఆధిక్యం, సులువైన బంతిని వదిలేసి నేల చూసే కుర్రాడు. ఆ కుర్రాడికి అది కవిత్వం కాదు, ఉద్యోగం. ఓటమిని అందంగా చూసేవాడు కూడా యజమానికి ఉపకారమే చేస్తున్నాడు. ఒకడు "ఇది వ్యూహం" అంటాడు, ఇంకొకడు "ఇది విషాద కావ్యం" అంటాడు. ఇద్దరూ అడగని ప్రశ్న ఒక్కటే: దీనికి బాధ్యులెవరు?

ఆ ప్రశ్న అడగొచ్చని 2024లో ఇద్దరు చూపించారు. ఒకరు గ్యారెట్ క్రోషే. మోచేతి ఆపరేషన్ తర్వాత ఆ ఏడాదే మొదటిసారి స్టార్టర్‌గా వేస్తున్న పిచ్చర్, జట్టులో మిగిలిన ఒకే ఒక్క వజ్రం. జులైలో అందరూ ఆయన్ని కొనాలని చూస్తుంటే, ఆయన వైపు నుంచి బయటికొచ్చిన మాట సూటిగా ఉంది: అలవాటు లేని చేతితో అక్టోబర్ దాకా వెయ్యమంటే ముందు దీర్ఘకాల కాంట్రాక్టు ఇవ్వండి. కొందరు స్వార్థం అన్నారు. నాకైతే సంతలో నిలబెట్టిన మనిషి ఒక్కసారిగా నోరు తెరిచి బేరమాడినట్టనిపించింది. ఆ వేసవి అతన్ని అమ్మలేకపోయారు. డిసెంబర్‌లో బోస్టన్‌కిచ్చారు, తర్వాత వసంతానికి అక్కడ ఆరేళ్ళకి 17 కోట్ల డాలర్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. అతని చెయ్యి, అతని లెక్క.

రెండోవాళ్ళు ప్రేక్షకులు. సెప్టెంబర్ 22కి 120 ఓటములయ్యాయి. 24న షికాగోలో సొంత మైదానంలో ఆట. ఇంకొక్కటి ఓడితే రికార్డు. చరిత్ర చూద్దామని వచ్చిన జనం ఆ రాత్రి "సెల్ ద టీమ్" అని అరిచారు, జట్టుని అమ్మెయ్ అని. ఆ అరుపు జెర్రీ రైన్స్‌డార్ఫ్ కోసం. 1981 నుంచి ఆయనే యజమాని. 1988లో జట్టుని ఫ్లోరిడాకి తీసుకుపోతానని బెదిరిస్తే రాష్ట్రం ప్రజల డబ్బుతో స్టేడియం కట్టించింది, అది 1991లో తెరిచారు. 121 ఓటముల ఏడాదిలోనే ఇంకో కొత్త స్టేడియానికి సుమారు వంద కోట్ల డాలర్ల ప్రజాధనం కావాలని అడుగుతున్నట్టు వార్తలొచ్చాయి. ఇన్నేళ్ళూ ఆటగాళ్ళకి మాత్రమే వాడిన 'అమ్ము' అన్న క్రియని ఆ రాత్రి జనం యజమానికి వాడారు. కళ్ళద్దాలు తీసి చూస్తే అమ్మాల్సింది ఎవర్నో కనిపించింది. వింతేమిటంటే, జట్టు ఆ రాత్రి గెలిచింది, తర్వాతి రెండు ఆటలూ గెలిచింది. 121వ ఓటమి 27న డెట్రాయిట్‌లో వచ్చింది. పరువు కోసం ఆడిన ఆ మూడు ఆటలకి ఏ రీబిల్డ్‌లోనూ విలువ లేదు. ఆ కుర్రాళ్ళకి ఉంది, చూసినవాళ్ళకి ఉంది.

కాబట్టి నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి జులై నెలాఖరుకీ ఈ సంత మళ్ళీ జరుగుతుంది, మీ జట్టు ఏదైనా, ఏ ఆటదైనా. అప్పుడు అమ్మకాన్ని అమ్మకమనే పిలవండి. రిటర్న్ ఎంతని కాకుండా, పోయినసారి వాగ్దానం చేసిన రిటర్న్ ఏమైందని అడగండి. వెళ్ళినవాడి పేరూ, వచ్చినవాడి పేరూ సరిగ్గా పలకడం నేర్చుకోండి, వచ్చినవాడికి చప్పట్లు కొట్టండి. వాడేం తప్పు చెయ్యలేదు. నచ్చకపోతే టికెట్ కొనకండి, లేదా కొని లోపలికెళ్ళి అరవండి. రెండూ మన హక్కులే. ఆటగాడి జీతమెంత మిగిలిందో, ఎన్నేళ్ళ హక్కుందో, వాణ్ణి ఎప్పుడు వదిలించుకుంటే లాభమో, ఆ లెక్కలు చూసుకోడానికి యజమాని దగ్గర జీతం తీసుకునే మనుషులున్నారు. ఆ పని మనం ఊరికే చేసిపెట్టక్కర్లేదు.